పదిహేడో బ్లాకులో ఎవరున్నారు

ఆ సొరంగంలోకి పొద్దుపోయాక చెయ్యి పెట్టకూడదని పేరు పడిపోయింది.

సొరంగం అనగానే అడవినీ, ఆకాశాన్నంటే కొండనీ ఊహించుకోకండి. అది మూడు మూరల సొరంగం. కొండ కూడా మనిషి భుజం దాటదు. మూతబడిన ఒక అచ్చాఫీసు పై అంతస్తులో పొడవాటి గది ఉంది. గోడ నుంచి గోడ దాకా బల్లలు. బల్లల మీద వేలెడు వెడల్పు పట్టాలు, చిన్న వంతెనలు, అగ్గిపెట్టెలంత ఇళ్లు, అరచేతిలో పట్టే ఇంజన్లు. పిల్లల ఆటసామాను అనుకునేరు – కాదు. ఉద్యోగాలూ సంసారాలూ ఉన్న పదిమంది పెద్దవాళ్లు, సాయంత్రాలు కూర్చుని, తొమ్మిదేళ్లపాటు కట్టుకున్న రైలుమార్గం అది. రైళ్లని నడిపేది కంప్యూటరు.

అంత ముద్దొచ్చే చోట, ఆ మూడు మూరల చీకట్లో, ఏదో ఉందన్నారు.

రైలు లేకుండానే… రైలు ఉందని కబురొస్తోందన్నారు.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఓపిక పట్టండి, చిన్నదే. కంప్యూటరుకి కళ్లు లేవు. రైలు ఎక్కడుందో దానికి ఎవరో చెప్పాలి. అందుకని పట్టాలన్నిటినీ ఇరవైనాలుగు ముక్కలుగా కోశారు. ఒక్కో ముక్కని బ్లాకు అంటారు. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య కాగితమంత సందు. ప్రతి బ్లాకుకీ దాని తీగ దానిదే. రైలొచ్చి బ్లాకులో నిలబడితే ఆ తీగలో కాస్త కరెంటు పారుతుంది. బల్ల కింద ఉన్న సెన్సరు పెట్టె దాన్ని పసిగట్టి కబురు పంపుతుంది – "పదిహేడు – ఉంది." రైలు వెళ్లిపోతే – "పదిహేడు – ఖాళీ." గోడ మీద పెద్ద తెర. ఉంటే ఎరుపు, ఖాళీ అయితే పచ్చ. అంతే.

ఇంకొక్కటి. ఆ పెట్టె మితభాషి. మార్పు వస్తేనే నోరు విప్పుతుంది. రైలు గంటసేపు ఒకేచోట నిలబడితే, గంటసేపూ మౌనమే.

ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఆ ఇరవైనాలుగు బ్లాకుల తీగలూ ఒక్క మనిషి చేతి మీదుగా వెళ్లినవే. ఆవిడ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అందరూ లిఫ్టక్క అంటారు. పాతికేళ్లుగా మనుషుల ప్రాణాలు తీగలకి వేలాడదీసి, ఒక్కసారి కూడా మాటపడని మనిషి. కంప్యూటరు ప్రోగ్రాము రాసినవాడు ఆవిడ సొంత తమ్ముడు – బస్సుల టైంటేబుళ్లు తయారుచేసే ఆఫీసులో పని. ఇక కొండ కట్టింది కొండ తాత. ఇళ్లకి రంగులేసి బతికిన ముసలాయన. ఆయన అసలు ప్రాణం కొండ కూడా కాదు, ఒక ఇత్తడి ఇంజను. మూడేళ్లు ఆకురాయితో అరగదీసి, ఒక్కో చక్రం, ఒక్కో మేకూ చేత్తో చేసుకున్నాడు. దాన్ని చేతిలోకి తీసుకోవాలంటే ముందు చేతులు కడుక్కునేవాడు.

ఆ ఇంజనే పోయింది.

ఎనిమిది నెలల కిందట, జనానికి తలుపులు తీసి చూపించే రోజున. గది నిండా మనుషులు. గూడ్సు బండి సొరంగంలో ఆగి ఉంది – అంటే పదిహేడో బ్లాకులో. తాత ఇంజను పదహారులో, వంతెన మీద, సొరంగం వైపు వస్తోంది. పదిహేడు ఎర్రగా ఉండాలి. ఇంజను ఆగాలి. తెర మీద పదిహేడు నిగనిగలాడుతూ పచ్చగా ఉంది. ఇంజను ఆగలేదు. సొరంగం నోటి దగ్గరున్న గూడ్సు తోకని గుద్ది, పైకి లేచి, వంతెన మీంచి సిమెంటు నేల మీద పడింది.

మూడు ముక్కలు.

అంతమందిలో తమ్ముడు తల కూడా తిప్పకుండా అన్న మాట ఒక్కటే – "వైరింగు అక్కది. కబురు రాలేదు."

ఇరవై రోజులకి తాత ఆస్పత్రిలో పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు, ఏడాదిగా ఉన్నదే. కానీ జనం నోళ్లకి అంత పొడుగు జబ్బు పనికిరాదు కదా. ఇంజను దిగులుతో పోయాడన్నారు. అక్క వేసిన తీగే ప్రాణం తీసిందన్నారు. చివరి చూపుకి వెళ్తే తాత భార్య – బామ్మ అంటారందరూ – ఈవిడ వైపు చూడనైనా చూడలేదు. చూడకపోవడమే… తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచీ అక్క ఒళ్లు మండుతూనే ఉంది.

తాత పోయిన నెలకి మొదలైంది ఇది. రాత్రి పదిన్నర దాటాక వాచ్‌మన్ పై అంతస్తుకి వచ్చి, తాళం కదిలించి చూసి, తలుపు అద్దంలోంచి ఒకసారి తొంగిచూస్తాడు. గది చీకటి. రైళ్లన్నీ నిలబడి ఉన్నాయి. తెర మాత్రం వెలుగుతోంది. రైలు నిలబడ్డ చోటు తప్ప అన్నీ పచ్చగా ఉన్నాయి… చూస్తుండగానే మధ్యలో పదిహేడు ఎర్రబడింది. మూడు లెక్కపెట్టేలోపు పచ్చబడింది. మళ్లీ ఎరుపు. మళ్లీ పచ్చ.

రైలు ఆకాశంలోంచి ఊడిపడదు. సొరంగంలోకి రావాలంటే ఇటు పదహారు దాటి రావాలి, లేదా అటు పద్దెనిమిది దాటి రావాలి. ఆ రెండూ పచ్చగా, కదలకుండా ఉన్నాయి. పదిహేడులో ఉన్నది దేన్నీ దాటకుండా వచ్చింది. దేన్నీ దాటకుండానే పోయింది.

"కొండ తాతేమో… ఇంజను వెతుక్కుంటున్నాడేమో," అన్నారెవరో నవ్వుతూ. ఆ నవ్వు రెండు రోజుల్లో ఆరిపోయింది. ఒక రాత్రి ఆ పదిమంది బృందానికి ప్రెసిడెంటు గారు – పళ్ల డాక్టరు – నలుగురిని వెంటబెట్టుకుని చూడ్డానికి వచ్చాడు. పదిహేడు ఎర్రబడింది. డాక్టరు గారి ఎడంకాలి చెప్పు మెట్ల మీద పొద్దున దొరికింది.

ఆ ముచ్చట ఎవరో బామ్మ చెవిన కూడా వేశారు. ఆవిడ ఆ రాత్రి నుంచీ వరండాలో దీపం ఆర్పడం మానేసిందట.

చివరికి మీటింగు పెట్టారు. డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఎవరి తప్పని కాదమ్మా… గుద్దుకోవడం ఒకటి, ఈ లేనిపోని ఎరుపు ఒకటి. రెండూ పదిహేడులోనే కదా. రేపు పొద్దున తొమ్మిదింటికి మనుషులొస్తారు. పాత వైరింగంతా పీకేసి కొత్తది వేయిద్దాం."

"అంతానా? ఇరవైనాలుగు బ్లాకులూనా?"

"ఒకటి నమ్మలేనప్పుడు మిగతావి ఎలా నమ్ముతాం చెప్పు."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "నువ్వు మాట్లాడవేంరా?"

తమ్ముడు తన బూటు లేసులు చూసుకున్నాడు. "నేనేం చెప్పనక్కా. కంప్యూటరు పాపం… వచ్చిన కబురే నమ్ముతుంది."

పీకేస్తారు. పీకిన తీగలు మూలన కుప్పగా పడి ఉంటాయి. ఆ కుప్పని చూసి ప్రతివాడూ అదిగో ఆ ముసలాయన్ని చంపిన వైరింగు అంటాడు. ఇక ఆవిడ బతికున్నంతకాలం అదే మాట.

సరే, అనుకుంది అక్క. ఈ రాత్రి ఆ దెయ్యమో, నేనో.

*

పది గంటలకి సంచీతో వచ్చింది. సంచీలో మీటరు, స్క్రూడ్రైవరు, టార్చీ. మెట్ల దగ్గర వాచ్‌మన్ కుర్చీ అడ్డంగా జరిపాడు.

"ఇప్పుడెందుకు తల్లీ? పొద్దున రా. పదిమందిలో చూద్దువుగాని."

"పదిమందిలోనే కదయ్యా నా పరువు తీసింది. అడ్డు లే."

"నేను కళ్లారా చూశానమ్మా. ఆయనే. పాపం, అలవాటు ప్రకారం వస్తున్నాడు."

"వస్తే రానీ. నాకూ ఆయన్ని రెండు అడగాల్సినవి ఉన్నాయి."

వాచ్‌మన్ తాళంచెవి ఇచ్చాడు. "నేను మాత్రం పైకి రాను. కేకేసినా రాను. ముందే చెప్తున్నా."

"నువ్వొస్తే నిన్నెవరు మోస్తారు? కూర్చో."

గదిలో లైటు వేసింది. ముందు పదిహేడో బ్లాకు తీగలు విప్పి మీటరు పెట్టింది. తడి లేదు, తుప్పు లేదు, ఎక్కడా తీగ తీగని తాకడం లేదు. మీటరు ముల్లు కదల్లేదు. మళ్లీ బిగించింది. గుడ్డతో పట్టాలు తుడిచింది, సొరంగంలో టార్చీ వేసి చూసింది. చీమ కూడా లేదు. తెర చూసింది. ఆ రాత్రి పట్టాల మీద ఉన్నది గూడ్సు ఒక్కటే; పంతొమ్మిదిలో, స్టేషను దగ్గర, నిలబడి ఉంది కాబట్టి పంతొమ్మిది ఎరుపు. మిగతావన్నీ పచ్చ. అలాగే ఉండాలి. సరిగ్గా అలాగే ఉంది.

లైటు ఆర్పేసింది. మూలనున్న స్టూలు మీద కూర్చుంది. ఒళ్లో స్క్రూడ్రైవరు.

చీకటి…

తెర వెలుగు వంతెన మీద పచ్చగా పడుతోంది. ఎక్కడో కింద వీధిలో మోటారుసైకిలు పోయింది. ఆ తర్వాత అదీ లేదు. గడియారం చప్పుడు లేదు, ఫ్యాను చప్పుడు లేదు. తన ఊపిరి తనకే పెద్దగా వినపడింది.

పదిన్నర. పది ముప్ఫై అయిదు.

పది నలభైకి – కొండలో ఏదో ఒరిపిడి. చాప ఈడ్చినట్టు. ఆగింది. మళ్లీ…

పదిహేడు ఎర్రబడింది.

అక్క కదల్లేదు. కళ్లు మాత్రం తెర మీద అటూ ఇటూ పరుగెత్తాయి. పదహారు – పచ్చ. పద్దెనిమిది – పచ్చ. మధ్యలో అదొక్కటే, తెరకి తగిలిన గాయంలా.

ఒకటి… రెండు… మూడు. పచ్చ.

మళ్లీ ఎరుపు.

భయం వేయలేదా అంటే – వేసింది.  కానీ కోపం ముందే వచ్చి పీట వేసుకుని కూర్చుంది. భయానికి చోటు లేకపోయింది. ఎనిమిది నెలల కోపం. మీటరు పెట్టి చూశాను, తీగ శుభ్రం. తీగ శుభ్రంగా ఉండి కబురొస్తోందంటే – అబద్ధం కాదది. అక్కడ నిజంగానే ఏదో ఉంది.

నా తీగ అబద్ధం చెప్పదు.

లేచింది. చెప్పులు విడిచింది. నాలుగడుగులు వేసి కొండ ముందు నిలబడింది. సొరంగం నోరు నల్లగా ఉంది. లోపల్నుంచి గాలి… చల్లగా, పాత కాగితం వాసనతో.

చొక్కా చెయ్యి పైకి మడిచి, భుజం దాకా లోపలికి దూర్చింది.

పట్టా తగిలింది. ఇంకాస్త లోపలికి. గోడ. ఇంకాస్త…

వేళ్లు తగిలాయి.

చల్లటి వేళ్లు. ఇనపముక్కలా చల్లగా – మనిషి వేళ్లు.

కొండలోంచి ఒక కేక! అక్క కూడా అరిచింది. కానీ వదల్లేదు. దొరికిన చేతిని దొరికినట్టే ఒడిసిపట్టి మెలిపెట్టింది. "ఎవడ్రా! ఎవడ్రా నువ్వు?"

చెయ్యి గింజుకుంది. అక్క బొటనవేలు ఆ బొటనవేలి మీదుగా జారింది. అక్కడ… ఒక మచ్చ. గింజంత, నున్నగా, గుంటలా.

ఆ మచ్చ ఆవిడకి తెలుసు. ఏడేళ్ల పిల్లాడు, వద్దురా వద్దురా అంటుంటే వినకుండా, తీగలు అతికిస్తూ అక్క పక్కన పెట్టిన వేడి సోల్డరింగు కడ్డీని పట్టుకున్నాడు. వేలు రాత్రంతా నోట్లో పెట్టుకుని ఏడిస్తే తెల్లారేదాకా ఊదింది తనే.

"…నువ్వా?"

చెయ్యి ఇంకోసారి గింజుకుంది.

"నిన్నేరా!"

"అక్కా," అంది కొండ, సన్నగా. "చెయ్యి వదులు. విరిగిపోతుంది."

"విరగనీ!"

సంగతేమిటంటే, ఆ కొండ లోపలంతా బోలు. పట్టా తప్పిన రైలుని లోపల్నుంచి తియ్యడానికి వీలుగా సొరంగానికి వెనకగోడ వద్దన్నాడు తాత. కొండ ఉన్నచోట బల్ల కింద, నేలలో చదరపు కన్నం ఒకటి ఉంది – అచ్చాఫీసు నడిచిన రోజుల్లో కాగితం కట్టలు కింది నుంచి పైకి లాగిన కన్నం. పలకతో మూసి ఉంటుంది. కింద ఇనప నిచ్చెన. మూతబడ్డ అచ్చాఫీసు వెనక తలుపులోంచి వచ్చి, ఆ నిచ్చెన ఎక్కి, పలక జరిపి, కొండలోకి తల పెట్టి నిలబడ్డాడు తమ్ముడు. గదిలో అక్క ఉందని వాడికి తెలియదు. వాడు చూస్తున్నది చేతిలో ఫోను – అందులో కబుర్లు వస్తాయి.

"ఇంకో చేతిలో ఏముంది? ఇటివ్వు."

సొరంగం లోంచి బియ్యపుగింజంత రెసిస్టరు వచ్చింది, రెండు సన్నటి కాళ్లతో. దాన్ని పట్టాల మీద అడ్డంగా పెడితే కాస్త కరెంటు పారుతుంది. సెన్సరు పెట్టెకి అదే రైలు. తీస్తే ఖాళీ.

"రోజూ నువ్వేనా?"

"రోజూ కాదు. వారానికి నాలుగు రోజులు."

"ఎందుకూ?"

పట్టులో ఉన్న చెయ్యి ముడుచుకుంది.

"ఎందుకురా? నేను అడుగుతున్నది కొండని కాదు!"

"ఆ రోజు…" అన్నాడు తమ్ముడు. "గుద్దుకోక ముందు, ఒక్క క్షణం కరెంటు పోయింది గుర్తుందా? లైట్లు రెపరెపలాడాయి. కంప్యూటరు ఆగిపోతే నేను మళ్లీ వేశాను. గూడ్సు అప్పటికే సొరంగంలో ఉంది. ఉన్నది ఉన్నట్టే ఉంది కాబట్టి నీ పెట్టె కొత్త కబురేమీ పంపలేదు. నా ప్రోగ్రాము… లేవగానే అందరినీ అడగాలి. ఎవరెవరున్నారని. అడగలేదు. కబురు రాని బ్లాకుల్నన్నిటినీ ఖాళీ అనుకుంది."

అక్క చేతిలో పట్టు ఇంకా బిగిసింది.

"తెలియదు అంటే ఖాళీ అని రాశావా?"

"…ఆ."

"హాజరు పిలవకుండానే బడిలో ఎవరూ లేరని రాసేశావు!"

"ఒక్క లైనక్కా. ఒకే ఒక్క లైను. ఆ రాత్రే చూసుకున్నాను. ఆ రాత్రే దిద్దాను."

ఆ రాత్రే!

 ఎనిమిది నెలలు. రెండు వందల నలభై రోజులు. వీడు రోజూ ఇంటికొచ్చాడు, అన్నం తిన్నాడు, అక్కా కూర బాగుంది అన్నాడు. మీటింగులో బూటు లేసులు చూసుకున్నాడు.

"దిద్దినవాడివి చెప్పడానికేం రోగం? నోట్లో మన్ను పోశారా ఎవరైనా?"

"అప్పటికే అందరి ముందూ నీ పేరు చెప్పేశాను. ఎలా వెనక్కి తీసుకోను? అందుకే… నీ వైరింగులో ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని. ఒక్కటి దొరికితే – ఇద్దరిదీ తప్పే అని చెప్పొచ్చు కదా. ఒక్కో బ్లాకులో దీన్ని పెట్టి చూశాను. ఇరవైనాలుగూ. చాలాసార్లు. మిగతావి పగలు, ఎవరూ లేనప్పుడు. పదిహేడు అయితే రాత్రిళ్లు, వందసార్లు."

"దొరికిందా?"

"లేదు."

"గట్టిగా చెప్పు."

"లేదక్కా! ఒక్కటీ లేదు. ఒక్కసారి కూడా తప్పు కబురు రాలేదు."

ఎనిమిది నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది. వచ్చింది – చీకట్లో, కొండ కడుపులోంచి, తుమ్ముతో కలిసి. సంతోషం వేస్తుందనుకుంది. వేయలేదు. చెంప పగలగొట్టాలనిపించింది. చెంప కొండలో ఉంది.

"మరి తాత దెయ్యమయ్యాడని ముందు అన్నదెవడు?"

కొండలోంచి కాస్త ప్లాస్టరు పొడి రాలింది.

"నువ్వేనా?"

"ఊరికే… నవ్వులాటకి అన్నాను. అంటే ఎవరూ రాత్రిళ్లు ఇటు రాలేదు. పోనీలే అని…"

"సిగ్గులేదురా నీకు?" అక్క గొంతు ఈసారి పెద్దది కాదు. అదే మరీ భయంగా ఉంది. "ఆ మనిషి చేతులు కడుక్కోకుండా ఇంజను ముట్టుకునేవాడు కాదు. ఆయన్ని నీ తప్పుకి కాపలా పెట్టుకున్నావా? అక్కడ ఆవిడ వరండాలో దీపం పెట్టుకుని కూర్చుంటోంది – దారి తెలియక తిరుగుతున్నాడేమో, వెలుగు చూసి ఇంటికి వస్తాడేమోనని! నీ ఒక్క లైను కోసం!"

కొండలోంచి ఏడుపు లాంటిది వినిపించింది. అక్క కరగలేదు.

"బయటికి రా."

*

వచ్చాడు. నెత్తి మీద ప్లాస్టరు పొడి, మోకాళ్లకి మసి. అక్క లైటు వేసింది. కన్నం మీద పలక తనే మూసి, గడియ పెట్టింది. రెసిస్టరు జేబులో వేసుకుంది.

"ఫోను చెయ్యి. డాక్టరుకి."

"రేపు పొద్దున…"

"పొద్దున తొమ్మిదింటికి పీకేస్తారు. ఇప్పుడు చెయ్యి. నాకు వినపడాలి."

చాలాసేపు మోగాక డాక్టరు ఎత్తాడు. "ఎవరి పళ్లయ్యా, ఈ వేళప్పుడు ఊడాయి?"

"పళ్లు కాదండీ. నేను. తప్పు నాది. గుద్దుకున్న రోజు తప్పు ప్రోగ్రాముది. వైరింగుది కాదు. రాత్రిళ్లు వచ్చే ఎరుపు కూడా నేనే… నా చెయ్యే."

"ఏంటీ? మరి నా చెప్పు…"

"అది మీరు పరుగెత్తడం వల్ల అండీ."

అక్క కళ్లెర్రజేసింది. తమ్ముడు గబగబా చెప్పేశాడు, అంతా, అచ్చు అక్కకి చెప్పినట్టే.  "పనివాళ్లని వద్దంటాను," అన్నాడు డాక్టరు. "అమ్మాయి అక్కడే ఉందా? అమ్మా… మేమంతా…"

"ఆ మాట రేపు పదిమందిలో అనండి," అంది అక్క. "నన్నన్నదీ పదిమందిలోనే." ఫోను పెట్టేయమంది.

"బామ్మ దగ్గరికి?" అన్నాడు తమ్ముడు, నేల చూస్తూ.

"తెల్లారగానే. నువ్వే. నేను గుమ్మం బయట నిలబడతాను, మధ్యలో పారిపోకుండా."

సంచీ సర్దుకుంది. మీటరు, టార్చీ, స్క్రూడ్రైవరు. అలవాటు కొద్దీ తెర వైపు చూసింది – పంతొమ్మిది ఎరుపు, మిగతావి పచ్చ…

కాదు.

పదహారు ఎర్రగా ఉంది.

వంతెన.

అక్క మొదట తమ్ముడి చేతులు చూసింది. రెండూ ఖాళీగా, బల్లకి దూరంగా వేలాడుతున్నాయి. జేబు తడుముకుంది. రెసిస్టరు ఉంది. కన్నం మీద పలక, పలక మీద గడియ. లైటు వెలుగులో వంతెన స్పష్టంగా కనిపిస్తోంది. దాని మీద ఏమీ లేదు.

"అక్కా," తమ్ముడి గుసగుస. "నేను కాదు."

పదిహేడు ఎర్రబడింది. ఆ వెంటనే పదహారు పచ్చబడింది.

వరసగా.

ఇన్నాళ్లూ పదిహేడు ఒక్కటే వెలిగి ఆరింది – ముందూ వెనకా లేకుండా. ఇది అలా కాదు. ఇది వంతెన దాటింది, సొరంగంలోకి వెళ్లింది. రైలు ఎలా వెళ్తుందో అలా.

అక్క పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది. ఎనిమిది… తొమ్మిది… పది… తాత ఇంజను ఆ సొరంగం దాటడానికి పదకొండు పడుతుంది. తీగలు పరీక్షించిన రోజుల్లో ఆయన పక్కన కూర్చుని ఎన్నిసార్లు లెక్కపెట్టిందో.

పదకొండు.

"పద్దెనిమిది – ఉంది." పదిహేడు పచ్చబడింది.

పద్దెనిమిది సొరంగం బయట. కళ్లెదురుగా, చెయ్యి చాపితే అందేంత దూరంలో. పట్టాలు రెండూ లైటు వెలుగులో మెరుస్తున్నాయి… వట్టిగా.

"లీకేజీ!" తమ్ముడు కరెంటు స్విచ్చి వైపు దూకాడు. "ఎక్కడో తడి తగిలి… తీసేస్తాను…"

"ముట్టుకోకు."

"అక్కడేం లేదక్కా! చూడు, కనపడుతోందిగా, ఖాళీ!"

"మళ్లీ అదే మాటంటావా?" అక్క ఉరిమింది. "ఇరవైనాలుగు తీగలూ నువ్వే పరీక్షించి చూశావు. ఒక్కటైనా తప్పు చెప్పిందా?"

"…లేదు."

"పంతొమ్మిదిలో గూడ్సు ఉంది. తియ్యి."

"అక్కా…"

"తియ్యరా! ఇంకోసారి గుద్దిస్తావా ఆయన్ని?"

తమ్ముడు మీట నొక్కాడు. గూడ్సు చిన్న కుదుపుతో కదిలింది. స్టేషను దాటి ఇరవైలోకి వెళ్లింది. పంతొమ్మిది పచ్చబడింది.

ఒక్క ఊపిరి పీల్చేంతసేపు పచ్చగా ఉంది.

తర్వాత – పద్దెనిమిది ఖాళీ అయింది. పంతొమ్మిది ఎర్రబడింది. తాత రంగులేసిన ఆ చిన్న స్టేషను ముందు, ఎవరూ లేని పట్టాల మీద… ఎరుపు అలాగే నిలిచిపోయింది. ఇక కదల్లేదు.



"రేపు బామ్మకి…" అన్నాడు తమ్ముడు. "ఏమని చెప్పను?"

"చేసిందంతా చెప్పు," అంది అక్క, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "చెప్పి, దీపం ఆర్పేయమను. బండి స్టేషనుకి చేరిందని చెప్పు."